బరువు తగ్గే ఆపరేషన్ తరువాత ‘ఒక్క పెగ్గే కదా’ అనవద్దు



ఈ మధ్య కాలంలో మన కోనసీమ నుండి కూడా బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకునేవారు కనిపిస్తున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలవారు విశాఖపట్నమో, విజయవాడో, హైదరాబాదో వెళ్లి ఆపరేషన్ చేయించుకుంటారు. ఇంటికి వచ్చాక కుట్లు చూపించుకోవడానికి, రక్తపరీక్షలకు, బి-12 ఇంజెక్షన్లకు మా దగ్గరకు వస్తుంటారు. చాలామంది చేతిలో ఏమి తినాలో, ఏమి తినకూడదో రాసిన కాగితం ఉంటుంది. అందులో మద్యం గురించి ఒక్క వాక్యం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఉన్నా చివరి వరుసలో ఉంటుంది. మా అభిప్రాయంలో అది మొదటి వరుసలో ఉండవలసిన మాట. ఎందుకో ఈ నెల వివరంగా చెప్పదలచాము.

ఆపరేషన్‌కు భయపడవద్దు

ముందుగా ఒక మాట. ఇది చదివి ఎవరూ ఆపరేషన్ అంటే భయపడవద్దు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల వయసు స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో నూటికి 31 మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువు ఉన్నారు. అందరికీ ఆపరేషన్ అక్కరలేదు. ఆహార నియమం, నడక, మందులు అన్నీ చేసినా తగ్గక, బరువు వలన షుగరు, బి.పి., మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగడం వంటి బాధలు పడుతున్నవారికి, డాక్టరు పరీక్షించి అవసరమని చెప్పినప్పుడు, ఈ ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుంది. షుగరు మాత్రలు తగ్గినవారిని, ఎన్నో ఏళ్ల తరువాత నేల మీద కూర్చుని లేవగలిగినవారిని మేము చూస్తున్నాము. ఆ మేలు నిలబడాలనే ఈ హెచ్చరిక.

పొట్టలో ఏమి మారింది?

ఈ ఆపరేషన్లలో ముఖ్యమైనవి రెండు. మొదటిది స్లీవ్. ఇందులో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసివేస్తారు. మిగిలినది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా ఉంటుంది. రెండవది బైపాస్. ఇందులో జీర్ణాశయం పైభాగాన కోడిగుడ్డంత సంచి మాత్రం ఉంచి, దానిని నేరుగా చిన్న ప్రేగుకు కలుపుతారు.

మామూలు మనిషి మద్యం తాగితే అది కొంతసేపు జీర్ణాశయంలో నిలుస్తుంది. అక్కడి గోడలలో ఉండే ఒక ఎంజైము దానిలో కొంత భాగాన్ని విరగ్గొడుతుంది. కడుపులో అన్నం ఉంటే ఇంకా నెమ్మదిగా కిందికి దిగుతుంది. ఆపరేషన్ అయినవారిలో ఆ నిలిచే చోటు లేదు, ఆ ఎంజైము ఉండే గోడ కూడా చాలావరకు లేదు. మన కాలువల మీద లాకు తలుపులు ఒక్కసారిగా ఎత్తేస్తే నీరు ఎలా పోతుందో, మద్యం అలా చిన్న ప్రేగులోకి, అక్కడ నుండి రక్తంలోకి కొద్ది నిమిషాలలో చేరిపోతుంది. పైగా మనిషి బరువు తగ్గాడు. అదే గ్లాసు ఇప్పుడు చిన్న శరీరంలో పడుతోంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 2007లో ప్రకటించిన ఒక పరీక్ష చూడండి. బైపాస్ అయినవారికి, కానివారికి ఒక్కొక్క గ్లాసు ద్రాక్ష సారాయం ఇచ్చి రక్తంలో మత్తు ఎంత చేరిందో లెక్కగట్టారు. ఆపరేషన్ కానివారిలో అది నూటికి 0.05 వరకు వెళ్లింది. అయినవారిలో 0.08 వరకు వెళ్లింది. అది పూర్తిగా దిగడానికి మొదటివారికి 72 నిమిషాలు పడితే, ఆపరేషన్ అయినవారికి 108 నిమిషాలు పట్టింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 మాత్రమే. అంటే ఒక్క గ్లాసుతోనే ఆ మనిషి హద్దుకు రెండింతలు దాటిపోయాడు. ఆ స్థితిలో మోటారు సైకిలు ఎక్కి, రాత్రివేళ కాలువ గట్టు రోడ్డు మీద ఇంటికి రావడం ఎంత ప్రమాదమో మేము చెప్పనక్కరలేదు. సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు 2015లో బైపాస్ అయిన స్త్రీలను పరీక్షించి, వారికి రెండు డ్రింకులు నాలుగు డ్రింకులంత పనిచేస్తున్నాయని తేల్చారు. స్లీవ్ అయినవారి మీద జరిగిన కొన్ని పరీక్షలలో కూడా ఇటువంటి ఫలితమే కనిపించింది. కాబట్టి ‘నాది బైపాస్ కాదు, స్లీవే’ అని ధైర్యం చెప్పుకోవద్దు.

రెండవ సంవత్సరంలో జాగ్రత్త

త్వరగా మత్తెక్కడం ఒక సమస్య. అలవాటుగా మారడం అంతకన్నా పెద్దది. త్వరగా ఎక్కి, గట్టిగా పట్టే మత్తును మెదడు త్వరగా కోరుకుంటుంది. అందుకే ఈ ఆపరేషన్ తరువాత తాగుడుకు బానిసలయ్యే ప్రమాదం పెరుగుతుంది.

అమెరికాలో పది ఆసుపత్రులలో ఆపరేషన్ చేయించుకున్న 1,945 మందిని గమనించి 2012లో ఒక నివేదిక ప్రకటించారు. ఆపరేషన్‌కు ముందు సంవత్సరంలో మద్యం సమస్య ఉన్నవారు నూటికి 7.6 మంది. ఆపరేషన్ తరువాత మొదటి సంవత్సరంలో 7.3 మంది. రెండవ సంవత్సరంలో 9.6 మంది. మొదటి ఏడాది పెరగలేదు, రెండవ ఏడాది పెరిగింది. ఇది చాలా ముఖ్యమైన విషయం.

ఎందుకంటే మొదటి సంవత్సరం అందరి కళ్లూ ఆ మనిషి మీదే ఉంటాయి. డాక్టరు నెలనెలా రమ్మంటారు. ఇంట్లో కొలిచి పెడతారు. తనకూ భయం ఉంటుంది. రెండవ ఏడాదికి బరువు తగ్గింది, బట్టలు కొత్తవి కుట్టించుకున్నారు, చూసినవారందరూ ‘చిక్కారండీ, బాగున్నారు’ అంటున్నారు. ఇక ఆసుపత్రికి ఎందుకు అని రావడం మానేస్తారు. పెళ్లిళ్లకు, పండుగలకు వెళ్లడం మొదలవుతుంది. ప్రమాదం వచ్చేది సరిగ్గా అప్పుడే. అదే రోగులను ఇంకా వెంబడించి చూసి 2017లో మరొక నివేదిక ఇచ్చారు. బైపాస్ అయినవారిలో ఐదేళ్లలో కొత్తగా మద్యం సమస్య లక్షణాలు కనిపించినవారు నూటికి సుమారు 20 మంది, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు.

ఇవి అమెరికా లెక్కలు, అక్కడ తాగేవారు ఎక్కువ అని మీరు అనవచ్చు. నిజమే, మన దగ్గర అంకెలు వేరుగా ఉండవచ్చు. కానీ కోసిన పొట్ట అక్కడా ఇక్కడా ఒకే రకంగా పనిచేస్తుంది.

‘మాకు ఆ అలవాటు లేదు కదా’ అనేవారికి

సంఘ కుటుంబాలవారు ఈ మాట ఎక్కువగా అంటారు. వారికి పై 2012 నివేదికలోని మరొక అంకె చెప్పాలి. ఆపరేషన్ తరువాత మద్యం సమస్యలో పడినవారిలో నూటికి 60 మందికి ఆపరేషన్‌కు ముందు సంవత్సరంలో ఆ సమస్య లేదు. అంటే ఇది పాత తాగుబోతుల సంగతి మాత్రమే కాదు.

దీనికి ఒక కారణం మనందరికీ అర్థమయ్యేదే. మనకు అన్నమే ఆదరణ. సంతోషం వచ్చినా భోజనమే, దుఃఖం వచ్చినా భోజనమే. వచ్చిన చుట్టానికి ఆత్రేయపురం పూతరేకులు పెట్టి, పనసపొట్టు కూర వడ్డించి, ‘ఇంకొంచెం వేసుకోండి’ అని బలవంతం చేయకపోతే మన కోనసీమవారికి తృప్తి ఉండదు. ఏళ్ల తరబడి దిగులును, ఒంటరితనాన్ని తిండితో సర్దుకున్న మనిషి ఆపరేషన్ తరువాత నాలుగు ముద్దలకన్నా తినలేడు. దిగులు మాత్రం ఆపరేషన్‌తో పోదు. భార్య కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తూ, ఇంట్లో ఒంటరిగా ఉండే భర్త సంగతి ఆలోచించండి. ముద్ద దిగదు కాని గ్లాసు దిగుతుంది.

అయితే ఇది మనసు బలహీనత ఒక్కటే అనుకోవద్దు. 2017 నివేదికలో జీర్ణాశయం చుట్టూ బెల్టు మాత్రమే వేయించుకున్నవారిలో ఈ సమస్య నూటికి 11 మందికి వచ్చింది. బైపాస్ అయినవారిలో దాదాపు దానికి రెండింతలు. ఇద్దరూ లావుతో బాధపడినవారే. తేడా ఎక్కువగా ఆపరేషన్ రకంలో ఉంది. ఆకలి పుట్టించే హార్మోనులు మారడం వలన మెదడు మద్యానికి స్పందించే తీరు కూడా మారుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఈ సంగతి తెలిసిన ఇంటివారు నిందించడానికి తొందరపడరు.

మన పెగ్గు, మన సీసా

పై పరీక్షలలోని ‘డ్రింకు’ కొలిచి పోసినది. మన దగ్గర ఎవరు కొలుస్తారు? మన దుకాణాలలో దొరికే బ్రాందీ, విస్కీలలో సుమారు 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. చిన్న పెగ్గు అంటే 30 మి.లీ., పెద్ద పెగ్గు అంటే 60 మి.లీ. క్వార్టరు సీసా 180 మి.లీ., అంటే ఆరు చిన్న పెగ్గులు. అందులో మద్యం వలన వచ్చే కేలరీలే 400 దాటుతాయి. వాటిలో మాంసకృత్తులు లేవు, విటమినులు లేవు. కష్టపడి తగ్గిన బరువు మరల రావడానికి ఇదొక దారి.

బీరు మద్యం కాదనుకునేవారు కూడా ఉన్నారు. 8 శాతం బలం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో నాలుగు చిన్న పెగ్గులంత ఆల్కహాలు ఉంటుంది. పైగా అందులోని గ్యాసు చిన్న పొట్టను ఉబ్బించి నొప్పి పెడుతుంది. కల్లు చెట్టు నుండి వచ్చేది కాబట్టి మంచిదే అని పెద్దవారు అంటారు. తాటి కల్లు అయినా, కొబ్బరి కల్లు అయినా, దించిన కొన్ని గంటలలోనే పులిసి మద్యమవుతుంది. పులియని నీరాలో కూడా చక్కెర ఎక్కువ. బైపాస్ అయినవారు తాగితే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం, విరేచనాలు రావచ్చు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ద్రాక్షారిష్టం, అశోకారిష్టం, దశమూలారిష్టం వంటివి పులియబెట్టి తయారుచేసేవి కాబట్టి వాటిలో సహజంగానే కొంత ఆల్కహాలు ఉంటుంది. సీసా మీద ఆ సంగతి రాసి ఉంటుంది, చదవండి. నీరసం అని స్త్రీలు వీటిని సొంతంగా కొని తాగుతుంటారు. ఆపరేషన్ అయినవారు డాక్టరుకు చెప్పకుండా వీటిని, దగ్గు సిరప్పులను వాడవద్దు. సంఘంలో ప్రభు బల్ల విషయం కూడా కొందరు అడుగుతారు. చాలా సంఘాలలో ద్రాక్షరసమే వాడతారు. పులిసినది వాడే చోట సంఘ కాపరికి ఒక మాట ముందుగా చెబితే సరిపోతుంది. ఇందులో సిగ్గుపడవలసినది లేదు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

ఈ ఆపరేషన్ అయినవారికి ఐరను, బి-12, బి-1 వంటివి సరిగా ఒంటబట్టవు. అందుకే జీవితాంతం విటమిను మాత్రలు వాడమంటారు. దానికి తోడు మద్యం తాగితే బి-1 మరీ తగ్గిపోతుంది. వాంతులు కూడా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. అప్పుడు నడక తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడడం, తికమకగా ప్రవర్తించడం మొదలవుతాయి. తాగిన మత్తు అనుకుని పడుకోబెట్టేస్తారు. అది మత్తు కాకపోవచ్చు. మెదడుకు బి-1 అందక వచ్చే జబ్బు కావచ్చు. గంటలు గడిచేకొద్దీ నష్టం శాశ్వతమవుతుంది. అటువంటివారిని వెంటనే తీసుకురండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదట ‘ఈయనకు బరువు తగ్గే ఆపరేషన్ అయ్యింది, మద్యం తాగుతున్నారు’ అని రెండు మాటలూ చెప్పండి. గ్లూకోజు డ్రిప్ ఎక్కించేముందు బి-1 ఇంజెక్షన్ ఇవ్వవలసిన అవసరం ఉందో లేదో డాక్టరు చూసుకుంటారు.

కడుపులో మంట, నల్లని విరేచనం, రక్తపు వాంతి కూడా అశ్రద్ధ చేయవద్దు. బైపాస్‌లో కలిపిన చోట పుండ్లు పడవచ్చు. పొగ, నొప్పి మాత్రలు, మద్యం దాన్ని పెంచుతాయి. తాగిన కొన్ని గంటలకు రక్తంలో షుగరు పడిపోయి స్పృహ తప్పడం కూడా జరుగుతుంది.

కొంచెం ఫరవాలేదా?

కొందరు డాక్టర్లు మొదటి ఆరు నెలలో, ఏడాదో పూర్తిగా మాని, తరువాత చాలా జాగ్రత్తగా ఉండమంటారు. వారి మాటను మేము తప్పు పట్టడం లేదు. అయినా రోగుల పక్కన రోజంతా ఉండే మా నర్సుల అభిప్రాయం ఇంకా కఠినమైనది. ఆపరేషన్ అయిన మనిషి జీవితాంతం మద్యం ముట్టకపోవడమే మంచిది. ఏడాది తరువాత ఫరవాలేదనే మాటను రోగి ఒక అనుమతిలా వింటాడు. ఆ అనుమతి చేతికి వచ్చేది ప్రమాదం పెరిగే రెండవ సంవత్సరంలోనే. కొలత పాటించే అలవాటు మన విందులలో లేదు. ఏదైనా జరిగితే ఆపరేషన్ చేసిన డాక్టరు ఎంతో దూరంలో ఉంటారు. ఇన్ని తెలిసీ ‘కొంచెం’ అనడం మాకు సబబుగా తోచదు.

దుకాణాలు మూసేస్తే అన్నీ సర్దుకుంటాయని కొందరంటారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు లేచినందువలన సారా ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. 2019 అక్టోబరు నుండి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో మరల ప్రైవేటు దుకాణాలు వచ్చాయి, 99 రూపాయలకు క్వార్టరు కూడా వచ్చింది. ఆ స్త్రీల పోరాటం మీద మాకు ఎంతో గౌరవం ఉంది. కానీ చట్టాలు వస్తాయి, పోతాయి. ఆపరేషన్ అయిన మనిషికి కాపలా ఇంటివారూ, స్నేహితులూ, సంఘమూ.

ఆపరేషన్‌కు ముందే నిజం చెప్పండి

రోగి వివరాలు రాసుకునేటప్పుడు మేము ‘మద్యం అలవాటు ఉందా?’ అని అడుగుతాము. పక్కనే అత్తగారో, బావమరిదో, ఒక్కోసారి సంఘ పెద్దో కూర్చుని ఉంటారు. ‘అబ్బే, లేదండీ’ అని జవాబు వస్తుంది. వారందరూ బయటకు వెళ్లాక ‘ఆయ్, ఎప్పుడైనా కొంచెం, ఇంట్లో తెలియదండీ’ అంటారు. 2019–21 సర్వేలో మన రాష్ట్రంలో పురుషులలో నూటికి 23 మంది తాగుతామని చెప్పారు. అంటే నలుగురిలో ఒకరికి దగ్గర దగ్గర. మన సంఘాలలో ఎవరూ లేరనుకోవడం మనల్ని మనం మోసపుచ్చుకోవడమే.

కాబట్టి మా విన్నపం. పెద్ద డాక్టరుగారి దగ్గరకు వెళ్లినప్పుడు రోగిని ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఎంత తాగుతారు, పొగ అలవాటు ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా తాగుడు సమస్య ఉందా, అన్నీ చెప్పాలి. వయసులో చిన్నవారికి, పురుషులకు, పొగతాగేవారికి, ముందు నుండి క్రమంగా తాగేవారికి, తోడు లేనివారికి ప్రమాదం ఎక్కువని పై నివేదికలలో తేలింది. నిజం చెబితే ఆపరేషన్ చేయరేమో అనే భయం ఉంటుంది. మొదట అలవాటు మాన్పించి తరువాత చేయవచ్చు, లేదా ఏ రకం ఆపరేషన్ మంచిదో ఆలోచించవచ్చు. చెప్పకపోతే ఆ అవకాశం కూడా ఉండదు.

ఇంటివారు, చుట్టాలు చేయవలసినది

పెళ్లిళ్లలో, సంక్రాంతి పందాల దగ్గర ‘బావా, ఒక్క పెగ్గే కదా, మా మీద గౌరవం లేదా?’ అనే మాట దయచేసి మానండి. ఆపరేషన్ అయినవారిని బలవంతపెట్టడం వారి కుట్లు విప్పడం వంటిది. రోగికి కూడా ఒక జవాబు సిద్ధంగా ఉండాలి. ‘నా పొట్ట కోశారండీ, ఇది పడదు’ అంటే చాలు, ఇంకో కారణం చెప్పనక్కరలేదు.

చేతిలో ఏదో ఒక గ్లాసు ఉండాలంటే పల్చని మజ్జిగ ఇవ్వండి. కొబ్బరి నీళ్లు కొద్దికొద్దిగా గుటకలు వేయవచ్చు, షుగరు ఉన్నవారు డాక్టరును అడగాలి. గోళీసోడా, కూల్ డ్రింకులు వద్దు. అన్నంతో పాటు ఏ పానీయమూ వద్దు, అరగంట ఆగాలి.

ఇంట్లో ఈ గుర్తులు చూస్తుండండి. ఒంటరిగా తాగడం, సీసాలు దాచడం, డబ్బు లెక్క చెప్పకపోవడం, విటమిను మాత్రలు మానేయడం, ఆసుపత్రి తేదీలు దాటవేయడం. మా అనుభవంలో చివరిదే అన్నిటికన్నా ముందు కనిపిస్తుంది. అందుకే రెండవ సంవత్సరంలో, మూడవ సంవత్సరంలో కూడా కనీసం ఆరు నెలలకొకసారి తీసుకురండి. బరువు చూడడానికి మాత్రమే కాదు, మాట్లాడడానికి కూడా.

రెండు పనులు మాత్రం చేయవద్దు. రోజూ తాగే మనిషిని ఒక్కసారిగా గదిలో పెట్టి మాన్పించవద్దు. రెండు మూడు రోజులలో వణుకు, ఫిట్స్, భ్రమలు రావచ్చు, ప్రాణానికే ముప్పు. ఆసుపత్రిలో మందుల సహాయంతో మాన్పించాలి. రెండవది, ‘తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తారు’ అని అమ్మే పొడులు, మాత్రలు వాడవద్దు. అటువంటి మాత్ర కడుపులో ఉండగా మద్యం తాగితే బి.పి. పడిపోయి గుండెకు ప్రమాదం. తాగాలనే కోరికను తగ్గించే మంచి మందులు ఉన్నాయి. కానీ అవి రోగికి తెలిసి, రోగి ఒప్పుకుని, డాక్టరు రాసి ఇస్తేనే వాడాలి.

సంఘం చేయవలసినది

ఒక మనిషి తాగుతున్నాడని తెలిస్తే మన సంఘాలలో తరచూ రెండు రకాలుగా జరుగుతుంది. అందరి ఎదుట గద్దిస్తారు, లేదా పరువు కోసం కుటుంబమంతా దాచిపెడుతుంది. రెండింటిలోనూ ఆ మనిషి ఆసుపత్రికి రావడం ఆలస్యమవుతుంది. స్త్రీల విషయంలో ఇంకా ఎక్కువ. మన రాష్ట్రంలో నూటికి ఒక్క స్త్రీ కూడా తాగుతామని సర్వేలో చెప్పలేదు. తాగే ఆ కొద్దిమంది ఎంత మౌనంగా ఉంటారో ఊహించండి. స్త్రీల జీర్ణాశయంలో మద్యాన్ని విరగ్గొట్టే ఆ ఎంజైము మామూలుగానే తక్కువ. ఆపరేషన్ అయిన స్త్రీకి హాని ఇంకా త్వరగా జరుగుతుంది.

షుగరు వచ్చిందని చెప్పుకోవడానికి మనం సిగ్గుపడము. గుండెకు స్టెంటు వేశారని ఆరాధనలో నిలబడి చెబుతాము. తాగుడు సమస్యను కూడా అలాగే చికిత్స ఉన్న జబ్బుగా చూసిన రోజున చాలా కుటుంబాలు నిలబడతాయి. సంఘ కాపరులకు, స్త్రీల సమాజం పెద్దలకు మా మనవి ఇది. ఎవరైనా మీ దగ్గర ఈ మాట చెప్పుకుంటే, ఆ మాట మీ దగ్గరే ఉంచి, వారిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి రండి. ఒంటరిగా పంపితే సగంమంది దారిలోనే వెనక్కి తిరిగిపోతారు.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

మా ఓ.పి.లో ఏ సిస్టరుతోనైనా విడిగా మాట్లాడవచ్చు. ఇంటివారిని బయట కూర్చోమని మేమే చెబుతాము. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఫోనులో మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వంవారి టెలి మానస్ నంబరు 14416, మత్తు అలవాట్లు మాన్పించే సహాయ కేంద్రం నంబరు 14446. ఈ రెండింటికీ డబ్బు ఖర్చు కాదు.

ఆపరేషన్ కోసం మీరు పొలం తాకట్టు పెట్టి ఉండవచ్చు, గల్ఫ్ నుండి వచ్చిన డబ్బు వాడి ఉండవచ్చు, నెలల తరబడి జావ మాత్రమే తాగి ఉండవచ్చు. అంత కష్టపడి తెచ్చుకున్న ఆరోగ్యం ఇది. మీలో ఎవరికైనా ఆపరేషన్ జరిగి ఒక సంవత్సరం దాటి ఉంటే, ఈ నెలలో ఒక్కసారి వచ్చి మాకు కనిపించండి. ఇప్పటికే గ్లాసు పట్టినవారు కూడా రండి. మిమ్మల్ని మేము మందలించము. బి.పి. చూస్తాము, రక్తం పరీక్షకు పంపుతాము, తలుపు వేసి మీరు చెప్పేది వింటాము.